మార్కులు కలిస్తే సరిపోదు: పర్ఫార్మెన్స్ కామ్ బిగింపు, డిగ్రీ లెక్క

మన వరంగల్, కరీంనగర్ వైపు దొరికే పాత పెట్రోల్ ఇంజిన్లలో హెడ్ ఫేసింగ్ (సిలిండర్ హెడ్ అడుగును చదునుగా కోయడం) కానిది దొరకడం కష్టం. రేడియేటర్‌లో కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తారు. లోపల సున్నం పేరుకుంటుంది. ఎండకాలం మధ్యాహ్నం ఇంజిన్ వేడెక్కి హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది. హెడ్ విప్పి ఫేసింగ్ కొట్టించి, పుల్లీల మీది టైమింగ్ మార్కులు కలిపి, బెల్టు వేసి బండి పంపేస్తారు. రోజూ ఆఫీసుకు తిరిగే కారుకు ఇది నడిచిపోతుంది. అదే ఇంజిన్‌లో వాల్వులను ఎక్కువ ఎత్తు, ఎక్కువసేపు తెరిచే పెద్ద కామ్ (కామ్‌షాఫ్ట్) వేసి పవర్ తీయాలనుకుంటే మాత్రం ఇక్కడే దెబ్బ తగులుతుంది.

హెడ్ ఎంత అరిగితే కామ్ అంత క్రాంక్‌కు (పిస్టన్లు తిప్పే కింది షాఫ్ట్‌కు) దగ్గరవుతుంది. బెల్టు లాగే వైపు ఆ మేరకు వదులవుతుంది, ఆ వదులును టెన్షనర్ అవతలి వైపు లాగేసుకుంటుంది. దాంతో కామ్ వెనకబడుతుంది, అంటే రిటార్డ్ అవుతుంది. 38 పళ్లు, 9.525 మి.మీ. పిచ్ ఉన్న కామ్ పుల్లీని తీసుకోండి. చుట్టుకొలత 362 మి.మీ., వ్యాసార్థం 57.6 మి.మీ. హెడ్ అర మిల్లీమీటరు తగ్గితే కామ్ దాదాపు అర డిగ్రీ, అంటే క్రాంక్ మీద ఒక డిగ్రీ వెనక్కి పోతుంది. సాగిన చైన్ కూడా అటే లాగుతుంది. పుల్లీ కీ గాడిలో కొంచెం, డోవెల్ రంధ్రంలో కొంచెం, రీగ్రైండ్ చేసిన (పాతదాన్నే మళ్లీ సానపట్టిన) లోబ్‌లో, అంటే వాల్వును నొక్కే కామ్ ఉబ్బులో, కొంచెం తేడా ఉండొచ్చు. అన్నీ ఒకే వైపు పడితే మార్కులు చక్కగా కలిసే ఉంటాయి, కామ్ మాత్రం నాలుగైదు డిగ్రీలు తప్పి ఉంటుంది. మార్కు చెప్పేది బెల్టు సరైన పన్ను మీద పడిందని, అంతే. వాల్వ్ నిజంగా ఎక్కడ తెరుచుకుంటుందో తెలియాలంటే డయల్ గేజ్ (వాల్వ్ కదలికను కొలిచేది), డిగ్రీ వీల్ (క్రాంక్‌కు బిగించే డిగ్రీల చక్రం) పెట్టి కొలవాల్సిందే.

"ఒక పన్ను జరిపి చూద్దాం" అనే మాట షెడ్లలో తరచూ వినిపిస్తుంది. 38 పళ్ల పుల్లీలో ఒక పన్ను అంటే కామ్ మీద దాదాపు 9.5 డిగ్రీలు, క్రాంక్ మీద 19 డిగ్రీలు. మనం సరిచేయాల్సింది రెండో నాలుగో డిగ్రీలు. పన్ను జరిపితే ఆ పని కాదు, పైగా పిస్టన్‌కూ వాల్వ్‌కూ మధ్య చోటు తక్కువున్న ఇంజిన్ అయితే వాల్వులు వంగుతాయి. దీనికి బోల్టుల దగ్గర పొడవు గాడులుండే అడ్జస్టబుల్ పుల్లీ కావాలి. దాన్నే వెర్నియర్ పుల్లీ అంటారు.

కార్డు చదవడం

మంచి కామ్‌తో పాటు ఒక కార్డు వస్తుంది. అది లేకుండా కామ్ కొనకండి. రీగ్రైండ్ చేసి ఇచ్చేవాళ్లనైనా సరే, నంబర్లు కాగితం మీద రాసిమ్మని అడగండి. ఉదాహరణకు ఒక కామ్: ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ 1.27 మి.మీ. లిఫ్ట్ (వాల్వ్ లేచే ఎత్తు) దగ్గర 224 డిగ్రీల డ్యూరేషన్, అంటే వాల్వ్ తెరిచి ఉండే క్రాంక్ డిగ్రీలు. ఈ 1.27 అనేది 0.050 అంగుళాలు, చాలా కార్డులు ఆ ఎత్తు దగ్గరే కొలుస్తాయి. ఇన్‌టేక్ సెంటర్‌లైన్ (వాల్వ్ పూర్తిగా తెరుచుకునే చోటు) టీడీసీ (పిస్టన్ పై చివర ఉండే స్థానం) తర్వాత 108, ఎగ్జాస్ట్ సెంటర్‌లైన్ టీడీసీకి ముందు 112. రెండింటి సగటు 110, అదే లోబ్ సెపరేషన్. 224లో సగం 112, అందులోంచి 108 తీస్తే 4. కాబట్టి ఇన్‌టేక్ టీడీసీకి 4 డిగ్రీల ముందు తెరుచుకుని, బీడీసీ (పిస్టన్ కింది చివర ఉండే స్థానం) దాటాక 40 దగ్గర మూసుకుంటుంది. 4, 180, 40 కలిపితే 224 రావాలి. మీ కార్డులో ఈ కూడిక కుదరకపోతే, ఆ నంబర్లు వేరే లిఫ్ట్ దగ్గర తీసినవై ఉంటాయి. ఏ ఎత్తు దగ్గర కొలిచారో అమ్మినవాళ్లను అడిగి తెలుసుకునే దాకా పని మొదలుపెట్టొద్దు.

కార్డులో టాపెట్ గ్యాప్ (లోబ్‌కూ, వాల్వును నెట్టే టాపెట్‌కూ మధ్య ఖాళీ) కూడా ఉంటుంది. అది ఎక్కువైతే వాల్వ్ ఆలస్యంగా తెరుచుకుని ముందుగా మూసుకుంటుంది. అందుకే ముందు గ్యాప్ కార్డు ప్రకారం పెట్టుకుని, ఆ తర్వాతే డిగ్రీ కొలవాలి. ఆయిల్ ఒత్తిడితో గ్యాప్ తనే సర్దుకునే హైడ్రాలిక్ టాపెట్లున్న ఇంజిన్‌లో స్ప్రింగ్ బరువుకు టాపెట్ కుంగిపోయి కొలత తప్పుతుంది. కొలిచే వాల్వ్ వరకైనా సాలిడ్ టాపెట్ గానీ, చాలా మెత్తటి చెకింగ్ స్ప్రింగ్ గానీ పెట్టుకోవాలి.

రీగ్రైండ్ కామ్ గురించి ఒక మాట. మనదగ్గర బడ్జెట్‌లో కుదిరేది ఎక్కువగా ఇదే. లిఫ్ట్ 8.5 నుంచి 9.5 మి.మీ.కి పెంచారంటే లోబ్ ముక్కును పెంచలేదు, బేస్ సర్కిల్‌ను (ముక్కు కాని గుండ్రటి భాగాన్ని) వ్యాసార్థంలో 1 మి.మీ. అరగదీశారు. కాబట్టి బకెట్ టాపెట్ ఇంజిన్‌లో షిమ్ (గ్యాప్ సరిచేసే బిళ్ల) కూడా దాదాపు 1 మి.మీ. మందం పెరగాలి. షిమ్ బకెట్ పైన కూర్చునే రకమైతే, మందం షిమ్ హై ఆర్‌పీఎంలో ఎగిరిపడే ప్రమాదం ఉంది. బకెట్ కింద కూర్చునే షిమ్‌కు మార్చుకోవడం మేలు. హైడ్రాలిక్ టాపెట్ అయితే దాని లోపలి ప్రయాణం ఆ 1 మి.మీ.ని భర్తీ చేయగలదో లేదో ముందే చూడాలి. చేయలేకపోతే స్టార్ట్ చేసిన క్షణం నుంచీ టకటక ఆగదు. లోబ్ గట్టిదనం పైపొరలోనే ఉంటుంది కాబట్టి గ్రైండింగ్ ఆ పొర దాటితే కొద్ది రోజుల్లోనే లోబ్ గుండ్రమైపోతుంది. హార్డ్‌నెస్ చూసి ఇవ్వమని అడగడానికి మొహమాటపడొద్దు.

కామ్ కూర్చోబెట్టడం

కామ్ తిప్పే ముందు క్రాంక్‌ను టీడీసీ నుంచి 90 డిగ్రీలు వెనక్కి తిప్పండి. మామూలు నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో అప్పుడు నాలుగు పిస్టన్లూ బోరు మధ్యలో ఉంటాయి, కామ్ ఎటు తిరిగినా వాల్వ్ తగలదు. ఈ ఒక్కటి మరచిపోవడం వల్లే హెడ్ బిగించిన రోజే వాల్వులు వంగుతుంటాయి.

కామ్‌ను పట్టి ఉంచే క్యాపులను హెడ్‌తో కలిపి ఒకేసారి బోర్ చేస్తారు. కాబట్టి ఒక క్యాపు స్థానంలో మరొకటి, ఒక హెడ్ క్యాపు మరో హెడ్‌కు వేయకూడదు. నంబరు, బాణం గుర్తు చూసుకోవాలి. ముందు టాపెట్లు లేకుండా కామ్ ఒక్కదాన్నే పెట్టి, క్యాపులు బిగించి చేత్తో తిప్పండి. ఎక్కడా పట్టకుండా తిరగాలి. పట్టిందంటే హెడ్ వంగి ఉంది. కింద ఫేసింగ్ కొట్టించినంత మాత్రాన పైన కామ్ లైను తిన్నగా అవదు. వేడెక్కి వంగిన హెడ్లలో చాలామంది వదిలేసే పరీక్ష ఇదే, కొత్త కామ్ మధ్య జర్నల్ (క్యాపు కింద తిరిగే భాగం) దగ్గర పట్టేసేదీ ఇక్కడే.

తర్వాత టాపెట్లు వేసి, జర్నళ్లకు శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ లేదా అసెంబ్లీ లూబ్, లోబులకు మాలిబ్డినం పేస్టు రాయండి. క్యాపు బోల్టులను మధ్య నుంచి అంచులకు, సగం చుట్టు చొప్పున దించుకుంటూ రావాలి. ఒక చివర పూర్తిగా బిగించి రెండో చివరకు పోతే, లోబ్ కింద స్ప్రింగ్ తన్నుతుండగా పోత కామ్ ఫట్‌మని విరుగుతుంది. ఎం6 బోల్టులకు సాధారణంగా 8 నుంచి 11 న్యూటన్ మీటర్లే, మీ ఇంజిన్ మాన్యువల్ అంకే చివరి మాట. పెద్ద టార్క్ రెంచ్ ఇంత తక్కువలో సరిగా చూపదు, చిన్నది వాడండి. ముందు క్యాపు కింద సిలికాన్ సన్నటి గీతలా సరిపోతుంది. ఎక్కువైతే ఆయిల్ దారిలోకి పోతుంది.

పుల్లీ బోల్టు బిగించేటప్పుడు బెల్టును ఆసరాగా వాడకండి. కామ్ మీద ఉన్న షట్కోణపు భాగాన్ని స్పానర్‌తో పట్టుకోండి, లేదంటే పుల్లీ హోల్డర్ వాడండి.

అసలు టీడీసీ

డిగ్రీ కొలతంతా టీడీసీ మీద నిలబడి ఉంటుంది. ప్లగ్ రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టి "పైకొచ్చింది" అనుకుంటే కుదరదు. స్ట్రోక్ 80 మి.మీ. ఉన్న ఇంజిన్‌లో టీడీసీకి 2 డిగ్రీల అవతల పిస్టన్ దిగేది దాదాపు 0.03 మి.మీ. మాత్రమే. ఆ తేడా చేతికి తెలియదు. అందుకే పిస్టన్ స్టాప్ కావాలి.

పాత స్పార్క్ ప్లగ్‌లో పింగాణీ తీసేసి, మధ్యలో మర కోసి, కొన గుండ్రం చేసిన ఎం8 బోల్టు దిగేలా చేయించుకోండి. హన్మకొండ, కాజీపేటల్లో ఏ లేత్ షాపు అయినా చేసిస్తుంది. గాలి పోవడానికి చిన్న రంధ్రం పెట్టించండి. బోల్టు కొన వాల్వులకు తగలకూడదు. ప్లగ్ బాగా వాలుగా ఉండే హెడ్‌లో బోల్టు పిస్టన్‌ను పక్కకు గీరుతుంది, అక్కడ హెడ్ వేయకముందే బ్లాకు మీద పట్టీ బిగించి కొలవడం మంచిది.

డిగ్రీ వీల్ కొనలేకపోతే ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపులో సన్‌బోర్డు మీద 300 మి.మీ. వ్యాసంతో అచ్చు వేయించి, అల్యూమినియం రేకుకు అంటించండి. ఆ సైజులో ఒక్కో డిగ్రీ 2.6 మి.మీ. వెడల్పు వస్తుంది, పావు డిగ్రీ కూడా కంటితో అంచనా వేయొచ్చు. మధ్య రంధ్రం మాత్రం లేత్ మీదే చేయించండి, కేంద్రం జరిగితే వీల్ అబద్ధం చెబుతుంది. పాయింటర్‌గా సైకిల్ పుల్లను సానపట్టి, బ్లాకు బోల్టు కింద గట్టిగా బిగించండి.

ఇక కొలత. స్టాప్ బిగించి, స్టార్టర్ జోలికి పోకుండా చేత్తో మాత్రమే, పిస్టన్ తగిలేదాకా క్రాంక్‌ను మెల్లగా తిప్పండి. వీల్ మీద 34 వచ్చిందనుకుందాం. ఇప్పుడు వెనక్కి తిప్పి అటు వైపు తగిలేదాకా రండి. 28 వచ్చింది. కలిపితే 62, సగం 31. పాయింటర్‌ను గానీ వీల్‌ను గానీ 3 డిగ్రీలు జరిపితే రెండు వైపులా 31 రావాలి. వచ్చాయంటే వీల్ మీద సున్నా నిజమైన టీడీసీ. స్టాప్ తీసేయండి. ఇక్కడి నుంచి పాయింటర్‌కు చెయ్యి తగిలినా మళ్లీ మొదటికే.

సెంటర్‌లైన్ పట్టుకోవడం

డయల్ గేజ్ కొనను ఒకటో సిలిండర్ ఇన్‌టేక్ టాపెట్ మీద, వాల్వ్ కదిలే దిశకు తిన్నగా పెట్టండి. వాలుగా పెడితే లిఫ్ట్ తప్పు చూపుతుంది. ఇంజిన్ నడిచే దిశలో తిప్పుతూ పూర్తి లిఫ్ట్ దగ్గర గేజ్ సున్నా చేయండి. లోబ్ ముక్కు దగ్గర కూడా కొన్ని డిగ్రీల పాటు ముల్లు కదలదు, అందుకే శిఖరాన్ని నేరుగా చదవకుండా రెండు పక్కల నుంచీ పట్టుకోవాలి. కొంచెం వెనక్కి పోయి మళ్లీ ముందుకొస్తూ, శిఖరానికి ఇంకా 1.27 మి.మీ. ఉందనగా వీల్ చదవండి. 79. శిఖరం దాటి 1.27 దిగాక మళ్లీ చదవండి. 145. కూడి సగం చేస్తే 112. కార్డు 108 అంటోంది. కామ్ క్రాంక్ మీద 4 డిగ్రీలు రిటార్డ్ అయి ఉంది.

చదివేటప్పుడు ఎప్పుడూ నడిచే దిశలోనే రావాలి. అంకె దాటిపోతే అర చుట్టు వెనక్కి తిప్పి మళ్లీ రండి, లేకపోతే బెల్టు, చైన్ వదులు కొలతలోకి చొరబడుతుంది. ఆ దిశ ఏదో కూడా ముందే రూఢి చేసుకోండి. 1998 నుంచి 2003 దాకా మనదగ్గర అమ్మిన హోండా సిటీ ఇంజిన్, పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారానికి వ్యతిరేక దిశలో తిరుగుతుంది. మిగతా కార్ల అలవాటుతో దాన్ని తిప్పితే అడ్వాన్స్ (ముందుకు జరగడం), రిటార్డ్ రెండూ తారుమారవుతాయి.

కొన్ని కొత్త కామ్‌లలో లోబ్ ఎక్కే వైపు, దిగే వైపు ఒకేలా ఉండవు. అలాంటి వాటికి సెంటర్‌లైన్ పద్ధతి ఒకటి రెండు డిగ్రీలు తప్పుతుంది. అక్కడ బేస్ సర్కిల్ మీద గేజ్ సున్నా చేసి, 1.27 లిఫ్ట్ దగ్గర తెరుచుకునే, మూసుకునే డిగ్రీలను కార్డుతో పోల్చండి. నా మటుకు ఏ కామ్‌కైనా రెండు పద్ధతుల్లోనూ కొలవడమే ఇష్టం. అదనంగా పట్టేది పావుగంట.

4 డిగ్రీలు సరిచేయాలంటే వెర్నియర్ పుల్లీలో కామ్‌ను 2 డిగ్రీలు ముందుకు తిప్పాలి, ఎందుకంటే కామ్ క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది. పుల్లీ మీద చెక్కిన గీతలు కామ్ డిగ్రీలా, క్రాంక్ డిగ్రీలా అన్నది తయారీదారును బట్టి ఉంటుంది. గీతను నమ్మకుండా జరిపాక మళ్లీ వీల్‌తోనే కొలవండి. 108 వచ్చాక పుల్లీ చిన్న బోల్టులను లాక్‌టైట్ రాసి, టార్క్ రెంచ్‌తో బిగించండి. ఇవి వదులై పుల్లీ జారితే ఇంజిన్ పోయినట్టే.

రెండు కామ్‌ల ఇంజిన్ అయితే ఎగ్జాస్ట్‌కు విడిగా ఇదంతా చేయాలి. పాత ఆక్టేవియా ఆర్‌ఎస్‌లోని 1.8 టర్బో 20 వాల్వ్ ఇంజిన్‌లో బెల్టు ఎగ్జాస్ట్ కామ్‌కే వస్తుంది, అక్కడి నుంచి ఇన్‌టేక్‌కు చిన్న చైన్ పోతుంది. రెండు కామ్‌ల గుర్తుల మధ్య 16 రోలర్లు ఉండాలి, 15 కాదు, 17 కాదు. వీవీటీ (నడుస్తుండగానే వాల్వ్ టైమింగ్ మార్చే ఏర్పాటు) ఉన్న ఇంజిన్లలో ఫేజర్‌ను (కామ్‌ను జరిపే భాగాన్ని) దాని విశ్రాంతి స్థానంలో, చాలావాటిలో ఇన్‌టేక్ పూర్తి రిటార్డ్‌లో, పిన్ను పడి ఉందని చూసుకున్నాకే కొలత మొదలుపెట్టాలి.

వాల్వ్ పిస్టన్‌కు ఎంత దూరం

పెద్ద కామ్ వేసినా, హెడ్ ఫేసింగ్ అయినా, టైమింగ్ జరిపినా ఈ దూరం మారుతుంది. ఆనవాయితీగా పాటించే కనీస కొలత ఇన్‌టేక్‌కు 2 మి.మీ., ఎగ్జాస్ట్‌కు 2.5 మి.మీ. ఎగ్జాస్ట్‌కు ఎక్కువ ఎందుకంటే ఆ వాల్వ్ ఎర్రగా కాగి పొడుగవుతుంది, పైగా పైకొచ్చే పిస్టన్ దాన్ని తరుముకుంటూ వస్తుంది. స్ప్రింగ్ ఒక్కసారి ఫ్లోట్ అయిందా, అంటే వాల్వును సమయానికి మూయలేకపోయిందా, ఆ గ్యాప్ ఒక్కటే కాపాడాలి. ఎక్కువ దగ్గరయ్యేది ఎగ్జాస్ట్ టీడీసీకి 10 డిగ్రీల ముందు, ఇన్‌టేక్ 10 డిగ్రీల తర్వాత, కొంచెం అటూ ఇటూ. కామ్ అడ్వాన్స్ చేస్తే ఇన్‌టేక్, రిటార్డ్ చేస్తే ఎగ్జాస్ట్ పిస్టన్‌కు దగ్గరవుతాయి. పై ఉదాహరణలో 112 దగ్గర ఇన్‌టేక్ గ్యాప్ 2.1 ఉంటే, 108కి తెచ్చాక అది 2 కన్నా కిందికి పోయే అవకాశమే ఎక్కువ. అందుకే ఈ కొలత చివరి టైమింగ్ పెట్టాకే తీయాలి.

బకెట్ టాపెట్ ఇంజిన్లలో బంకమట్టి పద్ధతి సులువు. పిల్లలు బొమ్మలు చేసే మెత్తటి బంకమట్టిని పిస్టన్ మీది వాల్వ్ గుంటల్లో 5, 6 మి.మీ. మందంగా పరచండి. వాల్వులకు ఆయిల్ రాయండి, అంటుకోకుండా. వాడేసిన, అదే మందం గ్యాస్కెట్ పెట్టి హెడ్‌ను టార్క్‌కు బిగించి, క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలవంతం చేయొద్దు. హెడ్ తీసి మట్టిని బ్లేడుతో నిలువుగా కోసి, అన్నింటికన్నా పలచగా ఉన్న చోట వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. వాల్వ్ అంచు గుంట పక్క గోడకు ఎంత దగ్గరగా వచ్చిందో కూడా ఆ మట్టిలోనే కనిపిస్తుంది.

దీంతో పాటు స్ప్రింగ్ చూడాలి. పూర్తి లిఫ్ట్ దగ్గర స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి ఆనుకోవడానికి ఇంకా కనీసం 1.25 నుంచి 1.5 మి.మీ. మిగలాలి. రిటైనర్ (స్ప్రింగ్ పైన కూర్చునే బిళ్ల) కింది అంచుకూ వాల్వ్ సీలుకూ మధ్య కూడా దాదాపు అంతే ఉండాలి. లిఫ్ట్ 1 మి.మీ. పెంచి పాత స్ప్రింగే ఉంచితే మొదట పోయేవి ఇవే.

ఎటు జరపాలి

అడ్వాన్స్ చేస్తే ఇన్‌టేక్ ముందుగా మూసుకుంటుంది, కింది ఆర్‌పీఎంలో ఒత్తిడి, లాగుడు పెరుగుతాయి. రిటార్డ్ చేస్తే పైన ఊపిరి దొరుకుతుంది, కింద చప్పబడుతుంది. మన ఊళ్ల రోడ్లకు, హన్మకొండ చౌరస్తా ట్రాఫిక్‌కు 2 డిగ్రీల అడ్వాన్స్ హాయిగా అనిపిస్తుంది. కానీ మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో, మామూలు బంకు పెట్రోల్‌తో, ఫేసింగ్ వల్ల ఇప్పటికే కంప్రెషన్ పెరిగిన హెడ్‌తో అదే 2 డిగ్రీలు నాకింగ్ (పెట్రోల్ తనంతట తానే అంటుకుని కొట్టే చప్పుడు) తెస్తాయి. ఫేసింగ్ అయిన ఇంజిన్‌ను కార్డు నంబరు దగ్గరే ఉంచమంటాను. ఇంకా లాగుడు కావాలంటే డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద, ఒక్కోసారి 2 క్రాంక్ డిగ్రీలు మాత్రమే మార్చి చూడాలి.

కంప్రెషన్ గేజ్‌తోనూ సరిచూసుకోవచ్చు. నాలుగు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, నిండు బ్యాటరీతో క్రాంక్ చేయాలి. డ్యూరేషన్ ఎక్కువున్న కామ్ వేస్తే చదరపు సెంటీమీటరుకు ఒకటి రెండు కిలోలు తగ్గడం మామూలే. నాలుగింటిలోనూ సమానంగా అంతకన్నా బాగా తగ్గితే టైమింగ్ రిటార్డ్ అయిందని అనుమానించాలి. ఒక్కదానిలోనే తగ్గితే ఆ సిలిండర్ వాల్వునో రింగునో చూడాలి.

బెల్టు, మొదటి స్టార్ట్

టెన్షనర్ బిగించే ముందు చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, మళ్లీ మార్కులు, టెన్షన్ చూడండి. బెల్టు కవరు తీసేసి అందమైన పుల్లీ కనిపించేలా తిరగడం ఇక్కడ వద్దు. కరీంనగర్ గ్రానైట్ క్వారీల దారుల్లో, భూపాలపల్లి బొగ్గు లారీల వెంట లేచే దుమ్ము పళ్ల మధ్య చేరి బెల్టునూ పుల్లీనీ కలిపి అరగదీస్తుంది. చిన్న రాయి పడితే బెల్టు పన్ను దాటుతుంది.

ప్లగ్గులు లేకుండా క్రాంక్ చేసి ఆయిల్ ప్రెషర్ వచ్చాకే స్టార్ట్ చేయండి. టాపెట్ లోబ్ మీద రాసుకుంటూ పనిచేసే రకం ఇంజిన్ అయితే, కొత్త కామ్‌ను మొదటి 20 నిమిషాలు ఐడిల్‌లో వదలకుండా 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య మార్చుతూ నడపాలి. ఐడిల్‌లో లోబ్ మీదికి చిమ్మే ఆయిల్ చాలదు. అంటే ఇంజిన్ మొదటిసారే పట్టాలి, కాబట్టి కూలెంట్, పెట్రోల్, స్పార్క్ అన్నీ ముందే సరిచూసుకోండి.

డిస్ట్రిబ్యూటర్ కామ్ చివర ఉండే ఇంజిన్లలో కామ్‌ను 4 క్రాంక్ డిగ్రీలు అడ్వాన్స్ చేస్తే ఇగ్నిషన్ కూడా 4 డిగ్రీలు అడ్వాన్స్ అయిపోతుంది. టైమింగ్ లైట్ పెట్టి దాన్ని వెనక్కి తేవాలి, లేదంటే వచ్చే నాకింగ్‌కు కామ్‌ను తిడతాం. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఉన్న కార్లలో కామ్ సెన్సార్ చక్రం కామ్‌తో పాటే జరుగుతుంది. తేడా ఎక్కువైతే పీ0016 కోడ్ (కామ్, క్రాంక్ స్థానాలు కుదరలేదని) వేసి చెక్ లైట్ వెలుగుతుంది, అప్పుడు సెన్సార్ మార్చడం దండగ. ట్యూనింగ్‌లో కొత్త స్థానాన్ని నేర్పించాలి. 500 కిలోమీటర్ల తర్వాత చల్లటి ఇంజిన్ మీద టాపెట్ గ్యాపులు, పుల్లీ బోల్టులు, బెల్టు టెన్షన్ మళ్లీ చూడండి. గ్యాప్ ఒకే లోబ్ దగ్గర పెరిగి, మిగతావి అలాగే ఉంటే ఆ లోబ్ అరుగుతోంది. ఆయిల్ ఫిల్టర్ కోసి మడతల్లో ఇనుప పొడి ఉందేమో చూసి, ఉంటే ఇంజిన్ నడపడం అక్కడే ఆపేయండి.